పూర్వవర్తన విచారణ
సామర్లకోట జంక్షనులో బండియెక్కి ఉద్యోగపు పరీక్షలకు పోవు యువకులకు, గెలుపొందిన పిదప మరొక పరీక్ష కలదు. అది పూర్వవర్తన విచారణ. దానికి మేర యెంత? తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు 1983లో వ్రాసిన సుప్రీంకోర్టు తీర్పు ఒక హద్దు గీచినది. మధ్యప్రదేశమున ఒక ఉపాధ్యాయుని, పూర్వపు రాజకీయ కార్యకలాపములపై పోలీసులిచ్చిన నివేదికను బట్టి తొలగించుట చెల్లదని అది పలికినది. 2016లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, విచారణ పత్రమున కేసును దాచుట తప్పేయైనను, చిన్నవయసున నినాదములు చేయుట వంటి స్వల్పాపరాధమైనచో అధికారి ఉపేక్షింపవచ్చుననెను. అయితే నిజము చెప్పినంతమాత్రమున కొలువిచ్చి తీరవలెనను నిర్బంధము లేదనియు చెప్పెను. సత్యమునే వ్రాయవలెనని బడిలో పంతులు బోధించును. ఆ బోధ నిలుచుట అధికారి వివేకముపై ఆధారపడియున్నది.