నెలకి 199... ఎన్నాళ్లు కడతారు మామా?

"రేయ్ అబ్బయ్యా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా. ఒక వెబ్‌సైట్ సంగతి చూసి పెట్టాలి" అన్నాడు మా మామ.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి చుట్టాలింట్లో మామూలుగా రెండే పనులు తగులుతాయి. ప్రింటర్ బాగుచేయడం, పాత ఫోన్లో ఫొటోలు కొత్త ఫోన్లోకి ఎక్కించడం. ఈసారి మూడోది తగిలింది.

పోయిన సంక్రాంతికి అల్లూరు వెళ్లా. మా అమ్మ పుట్టిల్లు అక్కడే. ఊరి చుట్టూ వరి. ఇసకపల్లి వైపు, సముద్రం దిక్కుగా పోతే రొయ్యల గుంటలు. రాత్రయితే ఏరేటర్ల చప్పుడు వింటూనే నిద్రపోవాలి. వెనామీ రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చింది 2009లో. ఆ తర్వాత రెండేళ్లకి మామ టెక్నీషియన్‌గా ఈ పనిలో దిగాడు. నీళ్లు టెస్ట్ చేస్తాడు, చెక్ ట్రే చూసి మేత ఎంత వేయాలో చెప్తాడు, వైట్ స్పాట్ అనుమానం వస్తే అర్ధరాత్రయినా బండేసుకుని పోతాడు. ఆయన నడిపే వాట్సాప్ గ్రూపులో 312 మంది రైతులున్నారు. పొద్దున్నే కౌంట్ రేట్లు, వాన కబురు, జాగ్రత్తలు... అన్నీ పెడతాడు. అంతా ఫ్రీ.

నెల్లూరులో ఎవరో మామకి ఒక ఐడియా ఇచ్చారు. మెంబర్‌షిప్ వెబ్‌సైట్. నెలకి 199 కట్టినోళ్లకే లోపల సమాచారం కనపడుతుంది. తయారుచేసి ఇవ్వడానికి 1,80,000, తర్వాత మెయింటెనెన్స్ నెలకి 3,000.

"312 మంది ఆల్రెడీ ఉండారు. ఇంకో 200 మంది రారా? 500 మంది అనుకో. 500 ఇంటూ 199. నెలకి లక్ష రా!"

ఆ 1,80,000 ఎక్కడిదంటే, మా మరదలి ఇంజనీరింగ్ ఫీజు కోసం అత్త బ్యాంకులో వేసి ఉంచిన డబ్బు. అత్త వంటింట్లోంచి ఏమీ అనలేదు. గిన్నెల చప్పుడు మాత్రం కొంచెం గట్టిగా వినిపించింది.

నేను వెంటనే "వద్దు" అనలేదు. అనే ధైర్యం లేక కాదు. ఇదే లెక్క నేనూ ఒకసారి వేసుకున్నా. మూడేళ్ల క్రితం ఇంటర్వ్యూ ప్రిపరేషన్ కోసం ఒక పెయిడ్ సైట్ కట్టా. వారాంతాలన్నీ దానికే పోశా. మొదటి నెల 43 మంది చేరారు, ఫ్రెండ్స్‌కి పార్టీ కూడా ఇచ్చా. ఆరో నెలకి ఆరుగురు మిగిలారు. కారణం చాలా సింపుల్. ఇంటర్వ్యూ పాసైనవాడికి నా సైట్‌తో పని లేదు, ఫెయిలైనవాడికి నా సైట్ మీద నమ్మకం లేదు. కోడ్‌లో ఒక్క బగ్ లేదు. బగ్ అంతా ఐడియాలోనే ఉంది.

అందుకే ఆ రాత్రి మామా నేనూ ఒక నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నాం. మీలో కూడా యోగా క్లాసులకో, వంటలకో, కోచింగ్‌కో మెంబర్‌షిప్ సైట్ పెట్టాలనుకునేవాళ్లు ఉంటారు కదా. మేం వేసుకున్న ప్రశ్నలు మీరూ వేసుకోండి.

మొదటి ప్రశ్న. ఈ అవసరం మళ్లీ మళ్లీ వస్తుందా?

పాలు రోజూ కావాలి, అందుకే పాలవాడి దగ్గర ఖాతా ఉంటుంది. పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర ఎవరూ ఖాతా పెట్టరు. చందా అనేది మనకి కొత్తేమీ కాదు. 1969లో మొదలైన 'అన్నదాత' లాంటి వ్యవసాయ పత్రికలకి మన తాతలు చందా కట్టారు. ప్రతి సీజన్‌కీ ఏదో ఒక కొత్త సంగతి కావాలి కాబట్టి కట్టారు.

మరి రొయ్యల సంగతి? వెనామీ పంట మూడు నాలుగు నెలలు. పట్టుబడి అయ్యాక గుంట ఎండబెడతారు. ఖాళీ గుంటకి సలహా ఎవరు కొంటారు? పైగా 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రేట్లు పడిపోయి, పంట వేయాలా వద్దా అనే గుంజాటనలో పడ్డారు రైతులు. అలాంటప్పుడు ముందు కోసేసే ఖర్చు ఏది? మేత ఖర్చు ఆపలేరు, కరెంటు ఆపలేరు. 199 ఆపేస్తారు.

రెండో ప్రశ్న. ఇదే వస్తువు పక్కన ఫ్రీగా దొరుకుతుందా?

కౌంట్ రేట్లు పది గ్రూపుల్లో తిరుగుతుంటాయి. రైతుల కోసం కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి ఉంది, 1800-180-1551కి చేస్తే పైసా ఖర్చు లేదు. మేత కంపెనీల వాళ్లు వాళ్ల టెక్నీషియన్లని గుంట గట్టు మీదకే పంపుతారు. వాళ్ల డబ్బులు మేత బస్తాలో కలిసే ఉంటాయి కాబట్టి రైతుకి ఫ్రీ లాగే కనపడుతుంది.

మూడో ప్రశ్న. ఒకడు కొని పదిమందికి పంచితే ఏమవుతుంది?

మామ దీనికి ఆలోచించకుండానే నవ్వేశాడు. "ఏమవుతాదిరా, పొద్దున ఆరింటికి నేను పెడితే ఆరుంబావుకి స్క్రీన్‌షాట్ నాకే వస్తాది."

నాలుగో ప్రశ్న. లెక్క.

500 మంది సంగతి పక్కన పెట్టి, 40 మంది కడతారనుకున్నాం. 40 ఇంటూ 199 అంటే 7,960. పేమెంట్ గేట్‌వే వాడు సుమారు 2 శాతం, దాని మీద జీఎస్టీ తీసుకుంటాడు. అది ఒక 188. మెయింటెనెన్స్ 3,000. మిగిలేది 4,772. ఈ లెక్కన 1,80,000 వెనక్కి రావడానికి 38 నెలలు. అదీ మధ్యలో ఒక్కడు కూడా మానకుండా ఉంటే!

కానీ మానేస్తారు. నెలకి పదిశాతం మంది మానేస్తే, ఈరోజు చేరిన 100 మందిలో ఏడాది తిరిగేసరికి 28 మందే మిగులుతారు. మామ నమ్మలేదు. ఫోన్లో క్యాల్కులేటర్ తీసి 0.9ని పన్నెండుసార్లు కొట్టి చూసుకున్నాడు. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంకో చిక్కు కూడా చెప్పా. 2020లో యూపీఐ ఆటోపే వచ్చింది కాబట్టి నెలనెలా డబ్బులు వాటంతటవే పడతాయని అందరూ అనుకుంటారు. నిజమే. కానీ రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం డబ్బు కట్ అయ్యే ముందు, కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కి మెసేజ్ వెళ్లాలి. కస్టమర్‌గా నాకు అది చాలా మంచి రూల్. సైటు ఓనర్‌గా చూస్తే, ప్రతి నెలా మన కస్టమర్‌ని ఎవరో తట్టి లేపి "ఇది నీకు ఇంకా కావాలా?" అని అడిగినట్టు. ఆ ప్రశ్నకి ప్రతి నెలా "కావాలి" అనే జవాబు వచ్చేంత సరుకు మన దగ్గర ఉండాలి. నెట్‌ఫ్లిక్స్ అంతటి కంపెనీయే 2021 డిసెంబర్‌లో ఇక్కడ మొబైల్ ప్లాన్‌ని 199 నుంచి 149కి దించింది. మామ పెట్టాలనుకున్న రేటు, వాళ్లు నిలబెట్టుకోలేకపోయిన రేటు ఒకటే!

"అయితే నా పదిహేనేళ్ల అనుభవానికి విలువ లేదంటావా?" అన్నాడు మామ. గొంతులో కోపం కంటే వేరేదేదో ఉంది.

అప్పుడు అడిగా. "మామా, అర్ధరాత్రి నీకు ఫోన్ చేసేవాళ్లు ఏమడుగుతారు? రేట్లు అడుగుతారా?"

"రేట్లెవరడుగుతారు రా ఆ టైములో. రొయ్యలు పైకి తేలుతుండాయి, ఏం చేయాలి అంటారు. నా గుంటకి ఏం చేయాలి అంటారు."

నా గుంటకి. విషయమంతా ఆ మాటలోనే ఉంది. అందరికీ ఒకేలా పనికొచ్చే సమాచారం ఫ్రీగా దొరుకుతుంది. నా గుంట చూసి, నా నీళ్ల లెక్క చూసి చెప్పే మాట దొరకదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2004లో 'ఇ-సాగు' అనే ప్రయోగం చేశారు. వరంగల్ వైపు పత్తి చేల ఫొటోలు తీయించి నిపుణులకి పంపి, ఏ చేనుకి ఆ చేనుకి విడిగా సలహా ఇప్పించేవాళ్లు. స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లోనే వాళ్లు పట్టుకున్న పాయింట్ ఇదే.

కాకపోతే ఇలాంటి సలహా 500 మందికి ఇవ్వలేం. మామకి ఉన్నది ఒక బండి, ఒక ఫోను, రోజుకి 24 గంటలు.

అందుకని వెబ్‌సైట్ కట్టే ముందు ఒక మెసేజ్ పెట్టి చూద్దామన్నా. పైసా ఖర్చు లేని టెస్ట్. "వచ్చే పంటకి వారానికోసారి మీ గుంట లెక్కలు చూసి, నేనే ఫోన్ చేసి మాట్లాడతా. పంట మొత్తానికి 1,500. మొదటి 25 మందికే. గ్రూపు ఎప్పటిలాగే ఫ్రీ." నెల చందా తీసేసి పంట చందా పెట్టాం. రైతు జేబు నెలల్ని బట్టి నడవదు కదా.

గంటలో 26 థంబ్స్ అప్‌లు, 14 దండాలు. "సూపరన్నా" అని ఆరుగురు. మామ మొహం వెలిగిపోయింది. పది రోజులకి డబ్బులు పంపినవాళ్లు తొమ్మిది మంది.

ఆ పది రోజులూ మామకి ఎలా గడిచాయో ఏ లెక్కలోకీ రాదు. ఎప్పుడూ గట్టు మీద కూర్చోబెట్టి టీ పోసే ఒకాయన "నువ్వు కూడా డబ్బులు అడుగుతావా అన్నా?" అన్నాడంట. మామ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. ఇన్నాళ్లూ సాయంగా చేసిన పనికి రేటు పెట్టగానే, మనుషుల మధ్య ఏదో ఒకటి మారుతుంది. ఏ వెబ్‌సైట్ కంపెనీ కొటేషన్‌లోనూ ఈ ఖర్చు రాయరు. 1,80,000 కట్టి, గేటు వేసి, ఆ మాట 312 మంది దగ్గర ఒకేసారి పడి ఉంటే?

అత్తే ఒక మాటంది. "అడిగినావు. కొందరు ఇచ్చినారు, కొందరు ఇవ్వలేదు. ఇచ్చినోళ్లకి బాగా చెయ్యి."

ఆ పంట మొన్ననే అయిపోయింది. తొమ్మిది మందిలో ఏడుగురు వచ్చే పంటకి మళ్లీ కట్టారు, కొత్తగా ఇంకో ఏడుగురు వచ్చారు. మొత్తం 14 మంది, 21,000. లక్షలు కాదు. కానీ పెట్టుబడి ఒక గూగుల్ షీట్, నేను రెండు గంటల్లో చేసిచ్చా. టీ పోసే ఆయన ఇంకా కట్టలేదు. టీ మాత్రం మళ్లీ పోస్తున్నాడంట.

మెంబర్‌షిప్ సైట్ చెడ్డదని నేను అనను. 25 సీట్లు నిండి, ఇంకో 50 మంది క్యూలో ఉండి, షీట్‌తో పని కాని రోజు వస్తే నేనే కూర్చుని కడతా, ఫ్రీగా. ముందు సభ్యులు, తర్వాత సైటు. గుంట తవ్వకముందే రొయ్యపిల్లలకి అడ్వాన్స్ ఇచ్చే రైతు ఎవరూ ఉండరు. మనం మాత్రం ఒక్క కస్టమర్ లేకుండానే లాగిన్ పేజీ కట్టేస్తాం.

మీ దగ్గర కూడా అలాంటి ఐడియా ఉంటే, ఈ రాత్రే పదిమందికి మెసేజ్ పెట్టి చూడండి. థంబ్స్ అప్‌లు లెక్కపెట్టకండి. డబ్బులు పంపినవాళ్లని లెక్కపెట్టండి.

మరదలి ఫీజు మొన్న కట్టేశారు. రసీదు ఫొటో అత్త నాకు వాట్సాప్‌లో పంపింది. కింద ఏమీ రాయలేదు.