పేరుతో పాటు భాష

పాపఘ్ని నది కొండలను చీల్చుకొని పారు గండిక్షేత్రము గల చక్రాయపేట మండలమునను, దానికి పొరుగున తోటలకు పేరుగన్న పులివెందుల సీమయందును చీనీ యని పిలువబడు కాయ, కోస్తా జిల్లాల సంతలకు చేరునప్పటికి బత్తాయి యగును. ఉత్తరదేశమున మోసంబి యగును. వృక్షశాస్త్రజ్ఞుని పట్టికలో సిట్రస్ సైనెన్సిస్ యగును. వినువారికి సందేహము లేదు, తినువారికి అసలే లేదు. కాని రైతునకు తెగులు వివరములను, వ్యాపారికి ధరవరలను, విద్యార్థికి పాఠమును అందించు భారమును యంత్రములకు అప్పగించిన ఈ కాలమున, ఇన్ని పేర్లును ఒక్క కాయవే యనియు, వానిలో ఏ పేరు ఏ భాషదనియు యంత్రమునకు ఎవరో ఒకరు చెప్పక తప్పదు.

అట్లు చెప్పుటకు ఏర్పడినవే ఆంటాలజీలు. వీనిలో ప్రతి భావనకును మారని గుర్తు ఒకటి యుండును. మనుష్యులు చదువుకొను పేర్లు లేబుళ్లుగా దానికి తగిలింపబడును. లేబులు వ్రాయు పద్ధతి మిక్కిలి చిన్నది. ఉద్ధరణచిహ్నముల నడుమ ‘చీనీ’ అని వ్రాసి, దాని నానుకొని ‘ఎట్’ గుర్తు నుంచి, పిదప తెలుగునకు అంతర్జాతీయ ప్రమాణమున నిర్ణయింపబడిన ‘టి’, ‘ఇ’ అను రెండు రోమను అక్షరములను చేర్చినచో, ఇది తెలుగు పేరని ఏ దేశపు కంప్యూటరైనను గ్రహించును. ఆ రెండక్షరములు లోపించెనా, అది ఏ భాషకును చెందని అక్షరముల వరుసగా మిగిలిపోవును. భాషాసూచిక గల చీనీయు, అది లేని చీనీయు యంత్రము దృష్టిలో రెండు వేర్వేరు వస్తువులు. తెలుగు పేర్లను మాత్రమే చూపుమని కోరినవానికి రెండవది కంటబడదు.

ఈ లోపము వలన కలుగు హాని అంతటితో ఆగదు. భావనలకు పేర్లు తగిలించు తీరును నిర్ణయించుచు 2009లో వెలువడిన స్కాస్ ప్రమాణము ప్రకారము ఒక భావనకు ఒక్కొక్క భాషలో ఒకటికి మించి ప్రధాననామము ఉండరాదు. తక్కినవి ప్రత్యామ్నాయ నామములుగా నిలుచును. చీనీ, బత్తాయి రెండింటికిని తెలుగు సూచిక నుంచి రెండింటిని ప్రధాననామములుగా వ్రాసినచో, తనిఖీ చేయు సాఫ్ట్‌వేరు వెంటనే తప్పు పట్టును. ఒకదానికి సూచిక వ్రాయుట మరచినచో తప్పు పట్టజాలదు; పొరపాటు గుట్టుగా గ్రంథస్థమై పోవును.

ఇది ఊహాలోకపు చర్చ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1980 దశకపు తొలినాళ్లలో ఆరంభించిన ఆగ్రోవాక్ పదకోశమున నేడు పలు ప్రపంచభాషల సరసన తెలుగునకును స్థానము కలదు. 2012లో పుట్టిన వికీడేటా అను సమాచారకోశమున భాషాసూచిక లేనిదే పేరు చేర్చుటకు వీలే లేదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రూపుదిద్దుకొన్న, ఆంటాలజీలు కూర్చు సాఫ్ట్‌వేరగు ప్రొటెజీలోనో, కొత్త భావనల లేబుళ్లకు భాషను ముందుగ నిర్ణయించు వీలు అమరికలలో ఉన్నను, సూచిక లేని లేబులును అది నిరాటంకముగ స్వీకరించును. వందలకొలది పేర్లను వరుసగ ఎక్కించు మనుష్యుడు ప్రతిసారియు భాషను తెలుపు చిన్నగడిని జ్ఞప్తియందుంచుకొని నింపునని ఆశించుట న్యాయము కాదు. కావున ఆ పనిని సాఫ్ట్‌వేరే తనంత తాను చేయవలయునని నా నిశ్చితాభిప్రాయము.

అయితే తనంత తాను చేయుట వేరు, తోచినట్లు ఊహించుట వేరు. తెలుగు లిపి కనబడగనే తెలుగని ముద్ర వేయుట సులభోపాయముగ తోచును గాని, మన కడప జిల్లా చరిత్రయే దానిని కాదనుచున్నది. ఎఱ్ఱగుంట్ల సమీపమున కలమళ్లలో లభించిన రేనాటి చోళుడు ధనంజయుని శాసనము క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనముగ ప్రసిద్ధము; దాని లిపియో, తెలుగునకును కన్నడమునకును ఉమ్మడియైనది. అందుచేతనే శాసనపరిశోధకులు లిపిని వేరుగను, భాషను వేరుగను నమోదు చేయుదురు. నేటికిని తెలుగు లిపిలో సంస్కృత శ్లోకములు అచ్చగుచున్నవి, లంబాడీ పాటలు వ్రాయబడుచున్నవి. తెలుగు మాటలు రోమను లిపిలో నిత్యము సెల్‌ఫోనులలో ప్రయాణించుచున్నవి. లిపిని చూచి భాషను నిర్ణయించు యంత్రము వీనికన్నింటికిని అన్యాయము చేయును.

మాట పక్కన భాషను గుర్తించుట మనకు క్రొత్త కాదు. కడపలో కొలువు చేసి పండితులచే గ్రంథపరిష్కరణము చేయించిన సి.పి. బ్రౌను దొర తెలుగు నిఘంటువును, 1903లో సంస్కరింపబడిన ముద్రణమున తెరచి చూడుడు. మాటల పక్కన ఇది సంస్కృతము, ఇది తెలుగు, ఇది హిందుస్తానీ యని తెలుపు సంక్షేపాక్షరములు బ్రాకెట్లలో దర్శనమిచ్చును. అవి మాట పుట్టుకను చెప్పును, నేటి సూచిక మాట వాడుకను చెప్పును. ఈ భేదము ఉన్నను, పేరును ఒంటరిగ విడువరాదను శ్రద్ధ రెండింటను ఒక్కటే. వేలకొలది మాటల చెంత ఆ నిఘంటుకారులు చేతితో చేసిన పనిని, సదుపాయములన్నియు గల మనము విస్మరించుట తగదు.

కావలసినది ఇంతే. పని ఆరంభించునాడే ఏ భాషలో వ్రాయుచున్నామో ఒక్కమారు చెప్పినచో, అటుపిమ్మట ప్రతి లేబులునకును ఆ సూచిక దానంతట చేరవలయును. అది వ్రాయువాని కన్నుల యెదుట కనబడుచు, వేరొక భాషా నామము వచ్చినప్పుడు ఒక్క మీటతో మార్చుకొనుటకు వీలుగ నుండవలయును. సూచిక లేని లేబులు ఒక్కటి మిగిలినను, భద్రపరచు ముందు హెచ్చరిక రావలయును. సూచిక లేక మిగిలిన పాత లేబుళ్ల విషయమున మాత్రము తొందర కూడదు. వానిని జాబితాగ కూర్చి, భాషలెరిగినవారి ముందుంచి, వారి ఆమోదము మీదనే ముద్ర వేయవలయును. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము వంటి సంస్థలును, వ్యవసాయ విద్యాలయములును ఈ పరిశీలనకు పూనుకొన్నచో, చక్రాయపేట రైతు తాను ఎరిగిన పేరుతో వెదకినను, బెజవాడ వర్తకుడు తన పేరుతో వెదకినను, ఒకే సమాచారము ఇరువురికిని తెలుగులోనే లభించును. తెలుగువాడు తన మాటతో అడిగి తన మాటలో జవాబు పొందు హక్కు, అమరికల పుటలో ఎవరో నింప మరచిన ఒక గడి వలన పోరాదు.