సొమ్ము కక్కించాలె, న్యాయం తప్పొద్దు

దోచిన ఆస్తి భద్రంగా ఉంటే దొంగకు జైలు శిక్ష ఒక లెక్క కాదు. అక్రమార్జన గుంజుకోవాల్సిందే. ఇందులో మాకు రెండో మాట లేదు. కానీ గుంజుకునే సర్కారు చేతికి హద్దు గీసేదెవరు? యూరప్ నలభై ఏండ్లుగా ఈ ప్రశ్నతోనే కుస్తీ పడుతున్నది.

ఆస్తి పోతేనే మాఫియా నడుము విరుగుతుందని పోరాడిన ఇటలీ కమ్యూనిస్టు ఎంపీ పియో లా టోరెను 1982 ఏప్రిల్ 30న పాలెర్మోలో కాల్చి చంపారు. ఆయన ప్రతిపాదించిన చట్టం అదే సెప్టెంబర్‌లో వచ్చింది. 1996లో ప్రజా సంఘాల సంతకాల ఉద్యమంతో మరో చట్టం వచ్చింది. దాంతో మాఫియా పెద్దల భూములు, భవనాలు ప్రజా అవసరాలకు మళ్లాయి. సిసిలీలో ఆ పొలాలను సహకార సంఘాలు సాగు చేస్తున్నాయి. కొట్లాడితే వచ్చిన హక్కు అది!

అయినా దొంగలదే పైచేయి. 2010-14 మధ్య యూరప్‌లో నేరాల సొమ్ములో చివరికి జప్తయింది 1.1 శాతమేనని యూరోపోల్ 2016లో లెక్క చెప్పింది. అందుకే యూరోపియన్ యూనియన్ 2024 ఏప్రిల్‌లో కొత్త ఆదేశం తెచ్చింది. దాని అమలుకు సభ్యదేశాలకు పెట్టిన గడువు 2026 నవంబర్ 23. నేర ముఠాలతో ముడిపడి, చట్టబద్ధ ఆదాయానికి పొంతన లేని ఆస్తిని, ఫలానా నేరంలో శిక్ష పడకున్నా, కోర్టు నమ్మితే జప్తు చేయవచ్చు.

ఇక్కడే జాగ్రత్త అవసరం. దొంగతనం ఆరోపణల నుంచి నిర్దోషిగా బయటపడ్డ మనిషిని, ఆ దొంగతనాల లాభం కట్టమన్నది నెదర్లాండ్స్ కోర్టు. నిర్దోషిని దోషిగా చూడడం చెల్లదని 2007లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. ఇస్తాంబుల్ నుంచి జర్మనీకి పోయే లారీలో డ్రైవర్ దొంగచాటుగా 2,940 పాత నాణేలు పెట్టుకున్నాడు. బల్గేరియాలో పట్టుబడితే ఏ పాపం తెలియని యజమాని బండి జప్తయింది. యజమాని తప్పు లేనప్పుడు బండి గుంజుకోవద్దని, ఆయన గోడు వినే కోర్టు ఉండాలని 2021లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది. యూనియన్ హక్కుల పత్రంలో ఆస్తి ప్రాథమిక హక్కు.

మన దగ్గర 1978 నాటి 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల నుంచి తొలగించింది. మిగిలింది 300-ఎ అధికరణ: చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ లాక్కోరాదు. మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద ఈడీకి ఉన్న విస్తృత అధికారాలను 2022 జూలైలో సుప్రీంకోర్టు సమర్థించింది. నేరం రుజువు కాకముందే ఆస్తిని అటాచ్ చేయగల చట్టమిది. అధికారం ఇంత పెద్దదైనప్పుడు కాపలా కూడా అంతే గట్టిగా ఉండాలె.

కేసులంటే ఏమిటో తెలంగాణ ఉద్యమకారులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రోడ్డెక్కిన విద్యార్థి మీద, సమ్మె చేసిన ఉద్యోగి మీద కేసు పెట్టడం సర్కారుకు ఎంత సులువో మనం చూసినం. అందుకే మేమనేది ఒక్కటే. దోపిడీదారుని ఆస్తి గుంజండి. ప్రజలకు పంచండి. కానీ నోటీసు ఇవ్వండి, వాదన వినండి, కోర్టు తీర్పుతో గుంజండి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటే కాలేది మన ఇల్లే!