మా పక్క రూమ్‌వాడు అపరిచితుడు కాదు

"వీడికి మెంటల్ రా", "నిన్ను ఎర్రగడ్డ పంపాలి". హాస్టల్లో ఈ మాటలు అనని రోజు ఉండదు. నేనూ అన్నాను. ఆ మాటల వల్ల ఏం నష్టం జరుగుతుందో దగ్గర్నుంచి చూశాక మానేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

సెకండియర్‌లో మా పక్క రూమ్‌లో ఒకడు ఉండేవాడు. ఇది రాస్తానంటే సరే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. మ్యాథ్స్‌లో డౌట్ వస్తే అందరం వాడి దగ్గరికే వెళ్ళేవాళ్ళం. అలాంటివాడు మెల్లగా క్లాసులకి రావడం తగ్గించాడు. స్నానం మానేశాడు. రాత్రిళ్ళు నిద్రపోయేవాడు కాదు. ఒకరోజు కారిడార్‌లో వైఫై రౌటర్ చూపించి, "అందులోంచి నా మాటలు రికార్డ్ చేస్తున్నారు. నా గురించి మాట్లాడుకోవడం నాకు వినిపిస్తోంది" అన్నాడు. మేం పడీపడీ నవ్వాం. 'అపరిచితుడు' అని పేరు పెట్టాం. వాడి ఫొటోతో వాట్సాప్ స్టికర్ కూడా చేశాం.

కొన్నాళ్ళకి వాళ్ళ నాన్న వచ్చి ఇంటికి తీసుకెళ్ళారు. గాలి సోకిందని ముందు తాయెత్తులు కట్టించారట. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళేసరికి ఆర్నెల్లు గడిచాయి. అప్పుడు తెలిసింది, అది స్కిజోఫ్రీనియా అని.

అసలు మేం పెట్టిన పేరే తప్పు. ఆ సినిమాలో చూపించింది మల్టిపుల్ పర్సనాలిటీ. అది వేరే సమస్య. 1908లో స్విట్జర్లాండ్ డాక్టర్ యూజెన్ బ్లాయ్లర్ 'చీలిన మనసు' అనే అర్థం వచ్చే గ్రీకు మాటలతో స్కిజోఫ్రీనియా అనే పేరు పెట్టారు. ఆలోచన, భావం, ప్రవర్తన ఒకదానితో ఒకటి పొసగకపోవడం అని ఆయన ఉద్దేశం. ఒకే మనిషిలో ఇద్దరు ఉంటారని కాదు. పేరు వల్లే రోగులకి అవమానం జరుగుతోందని జపాన్ 2002లో తమ భాషలో ఈ జబ్బు పేరునే మార్చేసింది. మాటకి అంత బలం ఉంది.

ప్రపంచంలో 300 పైచిలుకు మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎక్కువగా మొదలయ్యేది టీనేజ్ చివర నుంచి ఇరవైల లోపల. అంటే సరిగ్గా మన వయసులో. లేని గొంతులు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం అందరికీ కనిపించే లక్షణాలు. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ముఖంలో భావం తగ్గిపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం కూడా జబ్బులో భాగమే. వాటిని మనం బద్ధకం, పొగరు అనుకుంటాం.

కారణం ఒక్కటే అని చెప్పలేం. వంశపారంపర్యం కొంత, పరిస్థితులు కొంత. గంజాయి ఈ ముప్పును పెంచుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. మెదడులో డోపమైన్ వ్యవస్థ గాడి తప్పితే మామూలు విషయాలు కూడా చాలా ముఖ్యమైనవిగా తోస్తాయని ఒక వివరణ. మన భాషలో చెప్పాలంటే నాయిస్‌ని సిగ్నల్ అనుకోవడం. మాకు అది రౌటర్. వాడికి అది నిజమైన భయం.

"అలాంటివాళ్ళు ప్రమాదం కదా?" అని అడుగుతారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామంది ఎవరినీ ఏమీ చెయ్యరు. వాళ్ళే ఇతరుల చేతుల్లో దెబ్బలు తినే అవకాశం ఎక్కువ. "మూడీగా ఉన్న ప్రతివాడినీ రోగి అనాలా?" అని ఇంకో ప్రశ్న. అక్కర్లేదు. తేల్చాల్సింది డాక్టర్. వారాల తరబడి మనిషి మారిపోతుంటే గమనించడం మాత్రం మన పని.

చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం. మా ఎగతాళి వల్ల వాడు ఎవరికీ చెప్పుకోకుండా తలుపేసుకున్నాడు. పోయిన ఆర్నెల్లలో మా వాటా ఉంది.

ఇప్పుడైతే ఏం చేస్తాను? రౌటర్‌లో ఎవరూ లేరని వాదించను, ఉన్నారని తలూపను. "అలా అనిపిస్తుంటే భయంగా ఉంటుంది కదరా, నిద్ర పడుతోందా?" అని అడుగుతాను. ఇంట్లోవాళ్ళకి, నమ్మకమైన లెక్చరర్‌కి చెప్తాను. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. చనిపోతానని అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్తాను.

మన క్లబ్‌కి కూడా ఒక మాట. ఫెస్ట్ స్కిట్‌లో నవ్వు రాకపోతే ఒక పిచ్చివాడి పాత్ర పెట్టేస్తాం. ఇకనైనా ఆపుదాం.

వాడు తిరిగొచ్చాడు. ఇప్పుడు మా జూనియర్లతో చదువుతున్నాడు. మందుల వల్ల లావయ్యాడు, పొద్దున్నే లేవలేడు, అయినా మానకుండా వేసుకుంటున్నాడు. మొన్న మెస్‌లో పక్కన కూర్చుని, "ఆ స్టికర్ ఇంకా మీ ఫోన్లలో ఉందారా?" అని అడిగాడు. నా ఫోన్‌లో ఉంది. వాడి ముందే డిలీట్ చేసి సారీ చెప్పాను. మీ ఫోన్‌లో ఉంటే మీరూ తీసెయ్యండి.