ఐదు డాలర్ల టికెట్టు

పోయిన దసరా సెలవులకు పుణె నుంచి వచ్చిన మా అమ్మాయి, ఒక ఉదయం ఇంట్లో ఏదో అమెరికా పాటల ఆల్బం పెట్టింది. గిటార్ల హోరు, డ్రమ్ముల మోత, పైన అరుపులు. “ఎవరికేమయిందే తల్లీ?” అన్నాను. “పాట నచ్చకపోతే మానెయ్యండి నాన్నా, మీరు బ్యాంకువారు కదా, వీళ్ళ లెక్కలు చూడండి” అంది. లెక్కలంటే కాదనలేను. చూశాను.

ఆ బృందం పేరు ఫుగాజీ. వాషింగ్టన్ నగరానికి చెందిన నలుగురు కుర్రాళ్ళు: ఇయాన్ మెకాయ్, గై పిచోటో, జో లాలీ, బ్రెండన్ కాంటీ. మొదటి కచేరీ 1987లో. రెండు చిన్న రికార్డులు వేశాక, 1990లో వచ్చిన తొలి స్టూడియో ఆల్బం ఈ ‘రిపీటర్’. పదకొండు పాటలు, సుమారు 35 నిమిషాలు. ‘టర్నోవర్’, ‘మర్చండైజ్’, ‘గ్రీడ్’ అని పాటల పేర్లు చూస్తే నా బల్ల మీది ఫైళ్ళే గుర్తొచ్చాయి!

హార్డ్‌కోర్ అంటే ఊపిరి తీసుకోనివ్వని వేగం, కోపం. దాని తరువాత వచ్చిన ఈ పోస్ట్-హార్డ్‌కోర్‌లో కోపం అలాగే ఉంది గాని, మధ్యమధ్య నిదానం, నిశ్శబ్దం వచ్చి చేరాయి. అంతవరకు ఎక్కువగా పాడుతూ వచ్చిన పిచోటో ఈ ఆల్బంతో గిటారు కూడా పట్టాడు. రెండు గిటార్లు వాదించుకుంటూ ఉంటే, కింద బేస్ పెద్దమనిషిలా నిలకడగా నడుస్తుంది.

ఇక లెక్కలు. మెకాయ్ మొదట ఉన్న టీన్ ఐడిల్స్ బృందం, కచేరీలలో వచ్చిన డబ్బు పంచుకోకుండా దాచింది. విడిపోయేనాటికి అది సుమారు 600 డాలర్లు. ఆ సొమ్ముతోనే 1980లో తమ రికార్డు వేసుకుని, డిస్కార్డ్ అనే సంస్థ మొదలుపెట్టారు. పదేళ్ళ తరువాత ‘రిపీటర్’ వెలువడింది దాని నుంచే.

ఫుగాజీ కచేరీకి వీలైనచోటల్లా టికెట్టు ఐదు డాలర్లే. ఏ వయసువారైనా రావచ్చు. బృందం పేరుతో చొక్కాలు అమ్మలేదు. మేనేజరును పెట్టుకోలేదు. ముందు వరుసలో ఎవరైనా తోటివారిని కొడితే పాట ఆపి, ఐదు డాలర్లు తిరిగి చేతిలో పెట్టి బయటికి పంపేవారు. 2002 తరువాత కచేరీలు చేయలేదు గాని, ఆ పద్ధతి మాత్రం నేటికీ చెప్పుకుంటున్నారు.

మేము ఖర్చు లెక్కగట్టి, పైన లాభం వేసి ధర నిర్ణయిస్తాం. వీళ్ళు ఎవరు లోపలికి రావాలో ముందు నిర్ణయించుకుని, ధర ఖాయం చేసి, ఖర్చును దానిలో ఇమిడ్చారు.

ఇక్కడే నా మనసు కలుక్కుమంది. నిరుడు మన ఉగాది సభకు కోశాధికారిగా మనిషికి వంద రూపాయలున్న టికెట్టును మూడు వందలు చేయించింది నేనే. ఏసీ హాలు, పెద్ద సౌండు, వేదిక నిండా ప్రకటనల బ్యానర్లు. మిగులు చూపించాను, చప్పట్లు కొట్టారు. ఏటా పద్యాలు పాడే కుట్టుపని మాస్టారు మాత్రం రాలేదు. తరువాత బజారులో కనబడితే అడిగాను. “ఇంట్లో ఆరుగురం బాబూ, వీలుపడలేదు” అన్నారు నవ్వుతూ. రానివారిని రాసుకోవడానికి నా పుస్తకంలో కాలమ్ లేదు.

వచ్చే ఉగాదికి పాఠశాల ఆవరణ, యాభై రూపాయల టికెట్టు, పిల్లలకు ఉచితం అని కార్యవర్గం ముందు పెడుతున్నాను. మిగులు ఉండకపోవచ్చు. సభ్యులు ఆలోచించి మద్దతు ఇవ్వగలరు.

ఆ అరుపులు నాకు ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. మాటలే లేని ‘బ్రెండన్ నంబర్ వన్’ మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాను. మా అమ్మాయి చూడకుండా తాళం కూడా వేశాను.