సవర పుస్తకాలకు సమీక్షకుడేడీ?

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పటానికి దండలు వేస్తాం. ఆయన 1931లో వెలువరించిన సవర వ్యాకరణాన్నీ, 1938 నాటి సవర–ఇంగ్లీషు నిఘంటువునూ విప్పి చూసిన విమర్శకులెందరు? అవి భాషాశాస్త్రజ్ఞుల సరుకట, సాహిత్యం కాదట! నేనొప్పుకోను. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పుకొనే పంతులు కొండజనం మాట నేర్చి, లిపి లేని ఆ మాటకూ వ్యాకరణం ఉందని చూపాడు. గ్రంథాలకెక్కని మాట భాషే కాదన్న పండితులకు ఇంతకన్న గట్టి జవాబేముంది? ‘కన్యాశుల్కం’ మీద (అది గొప్పదే, ఎవరు కాదన్నారు?) మరో వ్యాసం రాసే ఓపికలో పిసరంత ఇటు మళ్లించలేమా? దోషాలు లేవనను. ఈ రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. సీతంపేట కొండల్లో సవర పిల్లలకు చదువు చెప్పే తెలుగు పంతులుకు అవి సులువుగా అందవు. ఆ మాటే ఎత్తి తిట్టండి, సంతోషిస్తాను, ముందు చదవండి.