మోత వేఱు, మాట వేఱు

ఇటీవల మన రాయలసీమ పట్టణములలో ఇండ్ల కట్టడముతోపాటు ఇంటిలోని వస్తుసామగ్రియందును గొప్ప మార్పు వచ్చినది. పూర్వము నడవలో నొకమూల బల్లపై కూర్చుండిన టెలివిజను పెట్టె నేడు పలుచని పలకయై గోడనిండ వ్యాపించినది. 32 అంగుళములకు మించిన టెలివిజనులపై వస్తుసేవల పన్నును 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి నూటికి 28 నుండి 18కి దించుటతో పెద్ద తెర మఱింత అందుబాటునకు వచ్చినది. తెర పెద్దదైన వెంటనే గృహస్థునకు కలుగు రెండవ కోరిక ధ్వని. ముందు వెనుకల స్పీకర్లను, మూలన నొక ఊఫరును అమర్చి ఇంటినే సినిమాశాలగా చేసికొనవలెనని యెందఱో తలంచుచున్నారు. ఈ కోరిక తప్పని మేమనము. కాని దానిని తీర్చుకొను విధమునుగూర్చి కొంత యోచింపవలసియున్నది.

రాయచోటివంటి ఊళ్లలో ఈ యోచనకు ప్రత్యేకమైన అవసరము కలదు. వానను నమ్మి విత్తిన చేలు కడుపు నింపకపోగా ఈ ప్రాంతమువారు వేలమంది కువైటు మున్నగు గల్ఫు దేశములకు పోయి పాటుపడుచున్నారు. అచ్చటి యెండలో ఆర్జించిన ధనమే ఇచ్చట ఇటుకయు సిమెంటునై, పిల్లల చదువై, టెలివిజనై రూపొందుచున్నది. కుమారుడు పంపిన సొమ్ముతో కొన్న యంత్రము నెదుట నిత్యమును కూర్చుండువారు పెక్కు ఇండ్లలో వృద్ధులైన తల్లిదండ్రులే. వారి చెవికి మాట తేటగా చేరినదా లేదా అనునదియే యీ వ్యయమునకు కొలబద్ద కావలెను. దురదృష్టవశమున అంగడిలో మాట కొలబద్ద కాదు, మోతయే కొలబద్ద యగుచున్నది.

టెలివిజను పలుచబడుటచే ధ్వని చెడినదన్నమాట వాస్తవము. ధ్వని పుట్టుటకు స్పీకరు గాలిని కదలింపవలెను. అందుకు కొంత పరిమాణము, వెనుక కొంత చోటు కావలెను. రెండంగుళముల మందములేని పలకలో ఆ చోటెక్కడిది? అందలి చిన్న స్పీకర్లు సాధారణముగా క్రిందికో గోడవైపునకో చూచుచుండును. పైన పంకా తిరుగుచుండగా, వీధిలో బండ్లు పోవుచుండగా, ఆ బలహీనమైన ధ్వనిలో మాటల హల్లులు మునిగిపోవును. వృద్ధులు శబ్దమును పెంచుదురు, పాట రాగానే చెవులు గింగురుమనును, మరల తగ్గింతురు. ఈ బాధ తీర్చుటకు వేఱు స్పీకర్లు కోరుట న్యాయమే.

నలువైపులనుండి ధ్వని వచ్చు పద్ధతియు వట్టి ఆడంబరము కాదు. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు చిత్రము మాటలాడ నేర్చినప్పుడు ధ్వని యంతయు ఒక్క మార్గముననే వచ్చుచుండెను. 1986లో నటుడు కృష్ణగారు నిర్మించి దర్శకత్వము వహించిన ‘సింహాసనం’ 70 మిల్లీమీటర్ల తెరతో, ఆఱు మార్గముల స్టీరియో ధ్వనితో వెలువడినది. 2012లో డాల్బీ సంస్థవారు ఆట్మాస్ పద్ధతిని ప్రవేశపెట్టిన పిమ్మట ధ్వని తలపైనుండియు దిగుచున్నది. చిత్రకారుడు రంగును వాడినట్లే నేటి ధ్వనికారులు దిక్కును వాడుచున్నారు. వారి పనితనమును ఇంటిలో అనుభవింపగోరుట రసికతయే.

అయితే ఆ ఆఱు మార్గములలో ఏది యేమి మోయునో తెలిసికొనవలెను. ఐదు స్పీకర్లు, ఒక ఊఫరు గల అమరికలో తెరక్రింద నడుమనుండు స్పీకరు పాత్రల సంభాషణమునకు ముఖ్యాధారము. దాని కిరువైపులనున్నవి సంగీతమును, చలనమును మోయును. ప్రక్కలనుండి కొంచెము వెనుకకుండు రెండును వాన, జనఘోష మొదలగు పరిసరధ్వనుల కొఱకు. ఊఫరు అడుగుస్వరములకు మాత్రమే. మన తోలుబొమ్మలాటవారికి ఈ మర్మము ఏనాడో తెలియును. మాటయు పాటయు తెరవెనుకనుండియే, బొమ్మ యున్న దిక్కునుండియే వచ్చును. యుద్ధఘట్టము వచ్చినప్పుడు కాలిక్రింది చెక్కలను త్రొక్కి మోత పుట్టింతురు. మోత సంభాషణకు తోడే కాని దానికి బదులు కాదు. నేడు కొందఱు నడిమి స్పీకరును సోఫావెనుక దాచి, వెనుకటి రెండింటిని సజ్జపైకెక్కించి, ఊఫరును మాత్రము అందఱకు కనబడునట్లు నిలుపుచున్నారు. ఇది తల క్రిందుచేసిన పద్ధతి.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము సూచించిన కొలతలు సులభమైనవి. వినువాని ముఖమునకు నేరుగా నడిమి స్పీకరు. దానికిరుప్రక్కల 30 డిగ్రీల దూరమున ముందటి రెండు. 100 మొదలు 120 డిగ్రీలలోపల వెనుకటి రెండు. అనగా వినువాడు ముందటి స్పీకర్లకు తొమ్మిదడుగుల దూరమున కూర్చుండినచో ఆ రెండింటి నడుమను తొమ్మిదడుగులుండవలెను. ఈ కొలతకు ఒక్క కాసు ఖర్చులేదు. అయినను దీనిని పాటించిన యిల్లు అరుదు.

ఇక గదిమాట. మన ప్రాంతపు పాత మిద్దె యిండ్లకు మందమైన మట్టిగోడలు, దూలములు, పైన మట్టికప్పు ఉండెడివి. అందు మాట మెత్తగా వినబడెడిది. నేటి యిల్లు సిమెంటు గోడలు, కాంక్రీటు కప్పు, క్రింద నున్నని కడప బండలు లేక గచ్చు. చల్లదనమునకు బండ మంచిదే. కాని ధ్వనికి అది అద్దమువంటిది. పడిన ధ్వని నంతయు తిరుగగొట్టును. మొదటి మాట చెవిని చేరిన వెంటనే దాని ప్రతిధ్వనులు గోడలనుండియు నేలనుండియు వచ్చి రెండవ మాటపై పడును. ఇట్టి గదిలో ఐదు స్పీకర్లు పెట్టుట ఒకే కొట్టములో ఐదుగురు ఒక్కమారు కేకలువేయుట వంటిది.

దీనికి మందు అంగడిలో లేదు, ఇంటిలోనే కలదు. తెరకును కూర్చుండు చోటునకును నడుమ ఒక మందమైన కంబళినో జంపఖానానో పఱచవలెను. కిటికీలకు బరువైన తెరలు వ్రేలాడగట్టవలెను. వెనుక గోడ బోసిగా నుండక పుస్తకముల అలమారయో బట్టల అలమారయో ఉండిన మేలు. గదినడుమ నిలిచి ఒకమారు చప్పట్లు కొట్టి వినుడు. చప్పట్ల వెంట గలగలమను తోక వినబడినచో, ముందు ఆ తోకను కోయుడు. స్పీకర్లను పిదప కొనుడు.

వాట్ల మాయను గూర్చియు హెచ్చరింపవలసియున్నది. పెట్టెలపై పెద్దయక్షరములతో వేలకొలది వాట్లు అచ్చువేయుదురు. అందు పీఎంపీవో యను కొలత క్షణకాలపు ఉద్రేకమును కొండంతగా చూపునది. ఎడతెగక ఇయ్యగల శక్తిని తెలుపునది ఆర్ఎంఎస్ కొలత. ఆ రెండవ సంఖ్యనే అడుగవలెను. అదియైనను, శక్తిని రెట్టింపు చేసినంతమాత్రమున మోత రెట్టింపు కాదు. 50 వాట్లు 100 అయినచో పెరుగునది మూడు డెసిబెలులు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచుటకు దాదాపు పదిరెట్ల శక్తి, అనగా 500 వాట్లు కావలెను. చిన్నగదికి అంత యేల?

ఇంకొక మోసము కంటికి కనబడనిది. చౌకగా అమ్ముడుపోవు కొన్ని అమరికలలో ఐదు స్పీకర్లుండును కాని ఐదు మార్గములను విడదీయు డీకోడరు ఉండదు. రెండు మార్గముల ధ్వనినే ఐదింటికి పంచిపెట్టుదురు. డీకోడరున్నను, టెలివిజను ధ్వని సెట్టింగు ‘పీసీఎం’పై నుండినచో పెక్కుచోట్ల రెండు మార్గములే బయలువెడలును. కావున ఏఆర్‌సీ అని గుర్తువేసిన హెచ్‌డీఎంఐ రంధ్రముననే తీగను తగిలించి, సెట్టింగును డాల్బీ ధ్వని పోవునట్లు మార్చవలెను. చిత్రమునందు బహుమార్గధ్వని లేనిచో ఇవన్నియు ఉండియు లేనట్లే. కడప జిల్లా పులివెందుల ప్రాంతమున పుట్టి, దాదాసాహెబు ఫాల్కే పురస్కారము నందిన బి. ఎన్. రెడ్డిగారి ‘మల్లీశ్వరి’ 1951 నాటిది. ఘంటసాల, భానుమతి గార్ల కంఠములు అందు ఒకే మార్గమున ముద్రింపబడినవి. దానిని ‘హాలు’, ‘స్టేడియము’ అను మీటలతో వెనుకకు సాగదీసినచో ఆ కంఠములు నీళ్లు కలిపిన పాలగును. అట్టి చిత్రమునకు ఎదుటనున్న ఒక మంచి స్పీకరు చాలును.

ఈ బాధలన్నియు ఏల, తెరక్రింద నొక సౌండ్ బారు పెట్టిన చాలదా అని కొందఱందురు. చిన్నగదికి, తీగలు పఱచుట కష్టమైన ఇంటికి, వృద్ధులే వినుచోట అది యుక్తమే. నడిమి ధ్వనికి వేఱు స్పీకరుండి, సంభాషణమును మాత్రము పెంచు సౌకర్యముగలదానిని ఎన్నుకొనవలెను. పూర్తి అమరికయే కావలెనను వారు క్రమమును పాటింపవలెను: మొదట గది, తరువాత ముందటి మూడు స్పీకర్లు, పిదప ఊఫరు, కట్టకడపట వెనుకటివి. క్రొత్త యిల్లు కట్టువారు గోడ పూయకముందే తీగలకు గొట్టములు వేయించుకొనుట మఱవరాదు. తరువాత బండను పగులగొట్టుట కంటె ఇప్పుడు గొట్టము వేయుట చౌక.

తుదకు ఇరుగుపొరుగుల మాట. హల్లును గోడ ఆపగలదు కాని ఊఫరు గర్జనను ఆపజాలదు. అది ఉమ్మడి గోడను దాటి ప్రక్కయింటి మంచమును వణకించును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు నివాసస్థలములకు పగలు 55, రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 వఱకు 45 డెసిబెలుల హద్దు విధించినవి. చట్టము లేకున్నను, పరీక్షకు చదువుకొను పిల్లవాడును, రోగియు, పగలంతయు పనిచేసి నిద్రించు కూలివాడును ఆ గోడకావలనే ఉన్నారని తలంచుట నాగరికుల ధర్మము. ఊఫరును మూలకు నెట్టినకొలది దాని మోత పెరుగును. మూలనుండి తీసి, రాత్రివేళ తగ్గించినచో పొరుగువారికి శాంతియు, మనకు తేటయైన ధ్వనియు లభించును.

విలాసవస్తువులను నిందించుట మా యుద్దేశముకాదు. కష్టించి ఆర్జించినవాడు వినోదమును కోరుటకు పూర్ణాధికారము కలవాడు. ఆ ధనము అంగడివాని సంఖ్యలకు లొంగి మోతగా ఎగిరిపోరాదనియే మా విన్నపము. దూరదేశముననున్న కుమారుడు తన యింటికి నిజముగా పంపగోరునది తల్లికి ఒక హాయిగల సాయంకాలము. ఆమె శబ్దమును మాటిమాటికి పెంచక, తగ్గింపక, ప్రక్కవారిని ‘ఏమన్నాడు?’ అని అడుగక, కథను ఆద్యంతము వినగల్గిననాడు ఆ సొమ్ము సార్థకమైనట్లు. ఐదు స్పీకర్లుండియు ఆమె ఆ ప్రశ్న అడుగుచునే యున్నచో, కొన్నది ధ్వని కాదు, పెట్టెలు మాత్రమే.